ఘనా: సముద్రం ఒడ్డు నుంచి ఏనుగుల చెరువు దాకా

ఘనా మ్యాప్ ఒకసారి తీసి చూడండి. కింద అట్లాంటిక్ సముద్రం, పైన బుర్కినా ఫాసో, ఎడమ పక్క ఐవరీ కోస్ట్, కుడి పక్క టోగో, మధ్యలో నిలువుగా ఉండే దేశం. వైశాల్యం 2,38,500 చదరపు కిలోమీటర్ల పైన, అంటే విడిపోకముందు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది, జనం 2021 లెక్కల్లో 3 కోట్ల 8 లక్షలు. కింద తీరం, దాని పైన దట్టమైన అడవి, ఆ పైన గడ్డి మైదానాలు, మూడూ వరసగా వస్తాయి కాబట్టి ఒకే దారిలో పైకి వెళ్తే దేశం మొత్తం తీరు తెలుస్తుంది. నేను కింద నుంచి పైకే వెళ్ళాలనుకున్నా, ఎందుకంటే ఈ దేశం చరిత్రంతా పై నుంచి కిందకి దిగింది. బంగారం దిగింది, మనుషుల్ని సంకెళ్ళేసి దింపారు, తర్వాత కోకో దిగింది, ఇప్పుడు మా పలాస ఫ్యాక్టరీలకి వచ్చే జీడిపిక్కలు కూడా ఆ దారినే దిగి ఓడెక్కుతున్నాయి. మా పెదనాన్న గోడౌన్‌లో బస్తాల మీద ఈ దేశం పేరు చదువుతూ పెరిగినవాణ్ణి, ఆ బస్తా బయల్దేరే చోటు చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

శనివారం, అక్రా

వైజాగ్ నుంచి ఢిల్లీ, అక్కడ నుంచి అడ్డిస్ అబాబా, అక్కడ ఫ్లైట్ మారి అక్రా. దిగగానే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు, అది లేకుండా బయల్దేరొద్దు. మధ్యాహ్నం ఎండ మన వైజాగ్ మే నెల ఎండలా ఉంది గానీ ఊరి చుట్టూ పచ్చదనం పెద్దగా లేదు, గడ్డి, చిన్న చిన్న పొదలు, ఎర్ర నేల. భూమధ్యరేఖకి ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్ళో ఇంత పొడిగా ఎందుకుంది అంటే, ఈ ముక్కలో తీరం గాలి వీచే దిక్కుకి సమాంతరంగా ఉంటుంది, పైగా ఒడ్డు దగ్గర సముద్రం అడుగు నుంచి చల్లటి నీళ్ళు పైకొస్తాయి, అందుకని మేఘాలు ఇక్కడ కురవకుండా దాటిపోతాయట. అక్రాలో ఏడాదికి 800 మిల్లీమీటర్లు పడితే, అదే తీరం మీద పడమటి చివర ఆక్సిం దగ్గర 2,000 దాటుతుంది.

సాయంత్రం రోడ్డు పక్కన వాచే తిన్నా. బియ్యం, అలసందలు కలిపి, జొన్న ఆకుల తొడిమలు వేసి ఉడికిస్తారు, ఆ ఆకుల వల్ల అన్నం మొత్తం ముదురు ఎరుపు రంగుకి తిరుగుతుంది. దాని పక్కన షిటో అని నల్లటి కారం, ఎండు చేపలు ఎండు రొయ్యలు మిరపకాయలు నూనెలో బాగా వేయించి చేస్తారు. మన వైపు వాళ్ళు ఒక సీసా కొనుక్కుని బ్యాగులో పెట్టుకుంటే ఈ దేశంలో ఎక్కడ తిరిగినా తిండికి దిగులుండదు.

ఆదివారం, అక్రా

పొద్దున్నే చర్చిల నుంచి పాటలు, తెల్ల బట్టలేసుకుని కుటుంబాలు కుటుంబాలుగా నడిచి వెళ్తున్నారు. ట్రాఫిక్ లేదు కాబట్టి నడిచే తిరిగా. ఇండిపెండెన్స్ స్క్వేర్‌లో మార్చి 6 పండక్కి జెండాలు కడుతున్నారు, ఎరుపు పసుపు ఆకుపచ్చ, మధ్యలో నల్ల నక్షత్రం. 1957 మార్చి 6న గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస ఘనా అయింది. సహారాకి దక్షిణంగా యూరప్ పాలన నుంచి బయటపడ్డ దేశాల వరస దీనితోనే మొదలు. ఆ పేరేమో ఇక్కడిది కాదు, ఇప్పటి మాలి, మారిటేనియా దేశాల దగ్గర వెయ్యేళ్ళ కిందట వెలిగిన ఒక రాజ్యం పేరు.

అక్కడికి దగ్గర్లోనే ఓసు వైపు ఒక చిన్న పార్కు ఉంది, టూరిస్టులు పెద్దగా ఆగరు. నేను అక్రాలో ముందు చూడాలనుకున్నది అదే. రెండో ప్రపంచ యుద్ధంలో గోల్డ్ కోస్ట్ నుంచి 60 వేల మందికి పైగా బ్రిటిష్ సైన్యంలో పనిచేశారు, వాళ్ళలో చాలామందిని ఓడల్లో మన దేశానికి తెచ్చి అక్కడ నుంచి బర్మా పంపారు, 81, 82 వెస్ట్ ఆఫ్రికన్ డివిజన్లు అరకాన్ కొండల్లో, కలదాన్ లోయలో జపాన్ వాళ్ళతో పోరాడాయి. తిరిగొచ్చాక ఇస్తామన్న పెన్షన్లు సరిగ్గా రాలేదు, ఉద్యోగాలు లేవు, ధరలు మండిపోతున్నాయి. 1948 ఫిబ్రవరి 28న ఆ మాజీ సైనికులు గవర్నర్‌కి అర్జీ ఇవ్వడానికి, చేతిలో ఏ ఆయుధం లేకుండా, క్రిస్టియన్స్‌బర్గ్ కోట వైపు నడిచి వెళ్తుంటే దారిలో ఆపి కాల్పులు జరిపారు. సార్జెంట్ ఆడ్జెటే, కార్పొరల్ అట్టిపో, ప్రైవేట్ ఓడార్టే లాంప్టే చనిపోయారు. ఆ వార్తతో అక్రా తగలబడింది, అక్కడ నుంచి తొమ్మిదేళ్ళలో స్వాతంత్ర్యం. ప్రతి ఏడాది ఆ తేదీన ఇక్కడ పూలదండలు పెడతారు, నేను వెళ్ళేసరికి ముందు రోజు పెట్టినవి ఇంకా వాడకుండా ఉన్నాయి.

మా శ్రీకాకుళం వైపు బర్మా అంటే రంగం. మా ముత్తాత రంగంలో రేవు దగ్గర కూలి చేసి, 1942లో జపాన్ బాంబులు పడ్డాక అందరితో పాటు అరకాన్ మీదుగా నడిచి వచ్చిన మనిషి, ఆ దారిలో పోయినవాళ్ళ కథలు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన దాటొచ్చిన కొండల్లోకే రెండేళ్ళు తిరక్కుండా ఈ ముగ్గురి రెజిమెంట్ల వాళ్ళు దిగారని తెలిసి ఆ పేర్ల ముందు చాలాసేపు నిలబడ్డా. మన పుస్తకాల్లో బర్మా యుద్ధం ఉంటే గింటే రెండు వాక్యాలు, ఆఫ్రికా వాళ్ళు అందులో అసలు కనపడరు.

తర్వాత ఘనా మొదటి ప్రధాని, ఆ తర్వాత అధ్యక్షుడు అయిన ఎన్‌క్రూమా పేరు మీదున్న పార్కు. స్వాతంత్ర్యం ప్రకటించిన పోలో గ్రౌండ్ మీదే ఆయన సమాధి కట్టారు. 1951 ఎన్నికల్లో జైల్లో ఉండి గెలిచి, జైలు నుంచి నేరుగా ప్రభుత్వంలోకి వెళ్ళిన మనిషి, 1966 ఫిబ్రవరి 24న ఆయన విదేశాల్లో ఉండగా సైన్యం దించేసింది. 1972లో బుకారెస్ట్‌లో పోయారు, ముందు గినీలో పాతిపెట్టారు, తర్వాత సొంతూరు ఎన్‌క్రోఫుల్‌లో, చివరికి 1992లో ఇక్కడ. కుట్ర రోజున జనం విరగ్గొట్టిన ఆయన కంచు విగ్రహం తల లేకుండా నిలబెట్టారు, తల పక్కన ఇంకో దిమ్మె మీద ఉంది. అతికించకుండా అలాగే ఉంచడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఆయన్ని దేవుణ్ణి చేసినవాళ్ళూ తిట్టినవాళ్ళూ ఇద్దరూ ఈ ఊరివాళ్ళే. ఒకే పార్టీ పాలన తెచ్చి, విచారణ లేకుండా జైల్లో పెట్టించిన ఎన్‌క్రూమా కూడా ఆయనే కదా.

సోమవారం, అకోసోంబో

అక్రా నుంచి ఈశాన్యంగా వంద కిలోమీటర్లు. వోల్టా నది కొండల మధ్య ఇరుగ్గా దూరే చోట ఆనకట్ట కట్టారు, 1965లో పూర్తయింది, 1966 జనవరిలో ఎన్‌క్రూమా ప్రారంభించారు, నెల రోజులకే ఆయన పదవి పోయింది. వెనక నిలిచిన వోల్టా సరస్సు దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లు, మనుషులు తయారుచేసిన సరస్సుల్లో నీటి విస్తీర్ణం లెక్కన ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. మా ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా మొత్తం 5,837. అంటే జిల్లా జిల్లా అందులో మునిగిపోయి ఇంకా చోటు మిగులుతుంది. సుమారు 80 వేల మందిని ఊళ్ళు ఖాళీ చేయించి 52 కొత్త ఊళ్ళలో పెట్టారు. చెట్లు కొట్టకుండానే నీళ్ళు నింపడం వల్ల మునిగిన మానులు ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి, పడవలు వాటికి తగిలి ప్రమాదాలు జరుగుతూనే ఉంటాయి. కింద ఊళ్ళ సంగతేమో 2023లో గేట్లు ఎత్తినప్పుడు మేపే లాంటి ఊళ్ళు పూర్తిగా మునిగాయి.

ఈ కరెంటు ఎవరికోసం అన్నది ముఖ్యం. అక్రా పక్కనున్న రేవు ఊరు టెమాలో పెట్టిన అమెరికన్ కంపెనీల అల్యూమినియం ఫ్యాక్టరీ ఇందులో సింహభాగం చౌకగా తీసుకునేది. ఘనా నేలలోనే అల్యూమినియం ముడి ఖనిజం బాక్సైట్ ఉంది, కానీ ఆ ఫ్యాక్టరీకి బాక్సైట్ శుద్ధి చేస్తే వచ్చే అల్యూమినా బయట నుంచి వచ్చేది, ఘనా బాక్సైట్ ముడిగానే బయటకి వెళ్ళేది. నది ఇక్కడిది, మునిగిన ఊళ్ళు ఇక్కడివి, లాభం మాత్రం ఎక్కడో తేలింది. ఇది చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

మధ్యాహ్నం అటింపోకు దగ్గర వంతెన కింద ఆగాం. 1957లో కట్టిన ఇనప కమాను వంతెన అది. బండి ఆగగానే ఆడవాళ్ళు తల మీద బేసిన్లతో చుట్టూ మూగారు, అబోలో అని మొక్కజొన్న పిండితో ఆవిరి మీద ఉడికించిన మెత్తటి ముద్ద ఆకులో చుట్టి ఇస్తారు, దాని మీదకి మన మెత్తళ్ళంత చిన్న చేపలు కరకరలాడేలా వేయించినవి, కాస్త పచ్చి కారం. కొన్నాక కూడా ఒక పిన్ని వయసావిడ మా డ్రైవర్‌తో గొడవపడి మరీ నాకు ఇంకో గుప్పెడు చేపలు వేసింది, కారం తట్టుకోలేనేమోనని ఆవిడ చూస్తుంటే నేను తినేసరికి ఆవిడకి సంతోషం.

మంగళవారం, కేప్ కోస్ట్, ఎల్మినా

అక్రా నుంచి పడమటగా 145 కిలోమీటర్లు. దారంతా తీరం వెంట రంగు రంగుల పడవలు, అన్నీ ఒడ్డునే ఉన్నాయి. మంగళవారం సముద్రం మీదకి వెళ్ళకూడదన్నది ఇక్కడి పాత కట్టుబాటు, ఆ రోజు వలలు బాగుచేసుకుంటారు, పడవల పంచాయితీలు తీర్చుకుంటారు. ఒక్కో పడవా పెద్ద చెట్టు మానుని తొలిచి చేసింది, పక్కల మీద బైబిల్ వాక్యాలు, ఫుట్‌బాల్ టీముల పేర్లు.

ఎల్మినా కోట 1482లో పోర్చుగీసు వాళ్ళు కట్టారు, చెక్కిన రాళ్ళు కూడా పోర్చుగల్ నుంచి ఓడల్లో తెచ్చుకున్నారు. సహారాకి దక్షిణంగా యూరప్ వాళ్ళు కట్టి ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడాల్లో ఇదే పాతది. వచ్చింది బంగారం కోసం, ఆ తర్వాత మనుషుల వ్యాపారం. 1637లో డచ్ వాళ్ళు లాక్కున్నారు, 1872లో బ్రిటిష్ వాళ్ళకి అప్పగించారు. ఆడవాళ్ళని ఉంచిన గదుల మధ్య ఒక వాకిలి, దాని పైన గవర్నర్ బాల్కనీ. అక్కడ నుంచి కిందకి చూసి వేలు చూపించేవాడు. అంతే, ఇంకేం చెప్పను దాని గురించి.

కేప్ కోస్ట్ కోట పదమూడు కిలోమీటర్లు ఇవతల. 1664 నుంచి ఇంగ్లీషు వాళ్ళ చేతిలో ఉంది, 1877 దాకా గోల్డ్ కోస్ట్ రాజధాని ఇదే. మగవాళ్ళ చెరలోకి దిగే వాలు దారి మీద రాళ్ళు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. లోపల వెలుతురు పైన గోడలో ఒక చిన్న కంత నుంచే. గైడ్ టార్చ్ నేల మీద వేసి చూపించాడు, సగం నేల ఇటుకలు తేలి ఉంది, మిగతా సగం నల్లగా గట్టిపడిన పొర. ఆ పొర ఇక్కడ నెలల తరబడి ఉంచిన మనుషుల మలమూత్రాలు, రక్తం, తిండి మెతుకులు, అన్నీ కలిసి రాయిలా అయింది, కొంత భాగం తవ్వి శుభ్రం చేసి మిగతాది అలా వదిలేశారు. నేను నిలబడింది దాని మీదే. ఆ గది పైనే, సరిగ్గా నెత్తి మీద, చర్చి.

ఇక్కడ మనకి నేరుగా సంబంధం ఉన్న విషయం ఒకటుంది, తెలుగువాళ్ళం తెలుసుకోవాలి. మనుషుల్ని కొనడానికి తెల్లవాళ్ళు ఇక్కడికి తెచ్చిన సరుకుల్లో తుపాకులు, సారా, ఇనప కడ్డీలు, వీటితో పాటు బట్ట చాలా ముఖ్యం, ఆ బట్టలో పెద్ద భాగం మన దేశపు నూలు బట్ట. మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరంలో డచ్ వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు గిడ్డంగులు పెట్టి నేతగాళ్ళకి అడ్వాన్సులిచ్చి నేయించిన గుడ్డ ఆమ్‌స్టర్‌డామ్‌కీ లండన్‌కీ వెళ్ళి, అక్కడ నుంచి మళ్ళీ ఓడెక్కి ఈ తీరానికి వచ్చేది. మన నేతగాడికి అది ఎక్కడికి పోతుందో తెలీదు, పాపం వాడికీ దక్కింది అప్పే. కానీ ఆ గుడ్డ ఇచ్చి ఇక్కడ మనిషిని తీసుకున్నారు. మచిలీపట్నం గురించి మనం గొప్పగా చెప్పుకునేటప్పుడు ఈ సగం కూడా చెప్పుకోవాలి.

చివర్లో సముద్రం వైపు తెరుచుకునే తలుపు. అది దాటినవాళ్ళు తిరిగి రాలేదు. ఇప్పుడు దాని అవతల జాలర్ల పడవలు, పిల్లల ఫుట్‌బాల్, వేయిస్తున్న చేపల పొగ. అమెరికా నుంచి వచ్చిన ఒక కుటుంబం మాతో పాటే ఉంది, వాళ్ళలో పెద్దావిడ గోడ పట్టుకుని ఏడుస్తుంటే గైడ్ మాట్లాడటం ఆపేశాడు, అందరం అలాగే ఉండిపోయాం.

బుధవారం, అసిన్ మాన్సో మీదుగా కుమాసి

ఇక్కడ నుంచి ఉత్తరానికి. నలభై కిలోమీటర్లు వెళ్ళేసరికి అసిన్ మాన్సో. ఉత్తరం నుంచి వారాల తరబడి నడిపించుకొచ్చినవాళ్ళని కోటలకి పంపే ముందు ఈ వాగులో స్నానం చేయించేవారు. కడిగి, నూనె రాసి, సంతకి పెట్టడానికి. కోటల దగ్గర బస్సుల కొద్దీ జనం ఉంటారు గానీ ఇక్కడ ఎవరూ లేరు. వెదురు పొదల మధ్య మోకాలి లోతు నీళ్ళు, చెప్పులు విప్పి దిగమన్నారు. 1998లో అమెరికా నుంచి, జమైకా నుంచి ఇద్దరు బానిసల అస్థికలు తెచ్చి ఇక్కడ పాతిపెట్టారు, సముద్రం వైపు నుంచి ఆ కేప్ కోస్ట్ కోట తలుపులోంచే లోపలికి తెచ్చారు. నా లెక్కలో కోటల కంటే ఈ వాగే ఎక్కువ చెప్తుంది, ఎందుకంటే కోట తెల్లవాళ్ళది, ఈ దారి మాత్రం ఇక్కడి రాజులు, దళారులు, సిపాయిలు నడిపించింది. గైడ్ కూడా ఆ మాట దాచకుండా చెప్పాడు.

తర్వాత అడవి మొదలు, గాలిలో తేమ మారిపోతుంది. ప్రాసో దగ్గర ప్రా నది దాటాం. ఒకప్పుడు బ్రిటిష్ వాళ్ళ ప్రాంతానికీ అషాంతి రాజ్యానికీ ఇది హద్దు, 1874 జనవరిలో బ్రిటిష్ సేనాని వూల్స్‌లీ సైన్యం ఇక్కడే దాటి కుమాసి మీదకి వెళ్ళింది. ఇప్పుడు నదిలో పారేది చిక్కటి ఎర్ర బురద. గలాంసే అంటారు, నదుల ఒడ్లు తవ్వి బంగారం కడిగే దొంగ మైనింగ్. ఆఫ్రికాలో బంగారం ఎక్కువ తీసే దేశాల్లో ఘనా ముందుంది, కానీ ఆ బురద వల్ల కేప్ కోస్ట్ వైపు మంచినీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు నడపడమే కష్టమవుతోంది. గలాంసే పేరెత్తగానే మా డ్రైవర్‌కి ఆవేశం వచ్చేసింది, వాళ్ళ ఊరి వాగులో చిన్నప్పుడు చేపలు పట్టేవాళ్ళమని, ఇప్పుడు వాళ్ళ పిల్లలు కొనుక్కునే ప్యాకెట్ నీళ్ళే తాగుతున్నారని చెప్పుకుంటూ పోయాడు.

రోడ్డుకి రెండు పక్కలా కోకో తోటలు, పెద్ద చెట్ల నీడలో. 1879లో టెట్టే క్వార్షీ అనే ఆయన ఫెర్నాండో పో దీవి నుంచి గింజలు తెచ్చి అక్రా పైన మాంపాంగ్‌లో నాటి పెంచారు, ఇప్పుడు ఐవరీ కోస్ట్ తర్వాత ప్రపంచానికి కోకో ఇచ్చేది ఘనాయే. ఒక తోటలో కాయ పగలగొట్టి ఇచ్చారు, గింజల చుట్టూ తెల్లటి గుజ్జు పుల్లగా తియ్యగా ఉంటుంది. మన ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో కోకో అంతర పంటగా వేస్తారు కాబట్టి మనకి కొత్త కాదు. ఆయిల్ పామ్ సంగతి ఇంకా చిత్రం, ఆ చెట్టు పుట్టిల్లే పశ్చిమ ఆఫ్రికా, ఇక్కడ అడవిలో దానంతటది మొలుస్తుంది, మనం సబ్సిడీ మీద వరసల్లో నాటుతున్నాం.

గురువారం, కుమాసి

అషాంతి రాజ్యానికి రాజధాని. 1600ల చివర్లో ఓసే టుటు రాజు, ఒకొంఫో అనోచే అనే గురువు కలిసి చిన్న చిన్న తెగలన్నిటినీ కూడగట్టి నిలబెట్టారు. ఆకాశం నుంచి బంగారు పీట దిగి రాజు ఒళ్ళో వాలిందని, జాతి ప్రాణం దాంట్లోనే ఉందని నమ్మకం. దాని మీద రాజు కూడా కూర్చోడు. 1900లో హాడ్జ్‌సన్ అనే బ్రిటిష్ గవర్నర్ వచ్చి ఆ పీట నాకెందుకు ఇవ్వలేదని సభలో అడిగాడు. అప్పటికే రాజు ప్రెంపేని పట్టుకుపోయి ఎల్మినా కోటలో, తర్వాత సియెర్రా లియోన్‌లో ఉంచారు (ఆ ఏడాదే తర్వాత సీషెల్స్ దీవులకి తరిమేశారు), పెద్దలు తటపటాయిస్తుంటే ఎజిసు రాణీమాత యా అసంతెవా లేచి యుద్ధానికి దిగింది. ఓడిపోయింది, ఆమెనీ సీషెల్స్ పంపారు, 1921లో అక్కడే పోయింది. కానీ పీట మాత్రం దొరకలేదు. ప్రెంపే 1924లో తిరిగొచ్చారు, ఆయన కోసం 1925లో కట్టిన మాన్హియా ప్యాలెస్ ఇప్పుడు మ్యూజియం.

1874లో బ్రిటిష్ సైన్యం కుమాసి తగలబెట్టినప్పుడు రాజు ఖజానా దోచుకుపోయారు. 2024లో, అంటే 150 ఏళ్ళకి, బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కలిపి 32 వస్తువులు ఇక్కడికి పంపాయి. తిరిగివ్వడం కాదు, మూడేళ్ళకి అరువు. అదే ఏడాది అమెరికాలోని ఫౌలర్ మ్యూజియం ఏడు వస్తువులు పూర్తిగా ఇచ్చేసింది. దోచుకున్నవాడు అరువిస్తున్నాడు, సొంతదారు సంతకం పెట్టి తీసుకుంటున్నాడు. మన కోహినూర్ కొల్లూరు గనులదని చెప్పుకునే మనకి ఈ బాధ ఎవరూ వివరించక్కర్లేదు.

కెజెతియా మార్కెట్ గురించి చెప్పాలంటే ఒక రోజు చాలదు, వదిలేస్తున్నా. మధ్యాహ్నం బోన్‌వైర్ వెళ్ళా, కెంటే నేసే ఊరు. మగ్గం చెక్క చట్రం, నేతగాడు లోపల కూర్చుని కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య తాడు పట్టుకుని అచ్చులు పైకీ కిందకీ లాగుతాడు. పడుగు దారం మగ్గం ముందు వాకిట్లో చాలా దూరం చాచి ఉంటుంది, దాని చివర చెక్క పీట, పీట మీద బండరాయి. నేసే కొద్దీ ఆ రాయి మట్టిలో గీరుకుంటూ అంగుళం అంగుళం దగ్గరికొస్తుంది. వచ్చేది జానెడు వెడల్పు కూడా లేని పట్టీ, అలాంటివి పక్కపక్కన కుట్టి దుప్పటంత చేస్తారు. పాతకాలంలో విదేశాల నుంచి వచ్చిన పట్టు గుడ్డల దారాలు ఊడదీసి రంగుల కోసం ఇందులో నేసేవారట. 2024 డిసెంబర్‌లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. బజార్లో మిల్లుల్లో అచ్చేసిన నకిలీ కెంటే పది రెట్లు చవగ్గా దొరుకుతుంది, నేతగాళ్ళు దాని గురించే మాట్లాడారు, మన చేనేతవాళ్ళు పవర్‌లూమ్ గురించి చెప్పేవే ఆ మాటలు.

శుక్రవారం, టెచిమాన్

మార్చి 6. పొద్దున్న బడి పిల్లలు యూనిఫారాల్లో చేతులు ఊపుతూ కవాతు, పక్కన బ్యాండ్. మధ్యాహ్నం నుంచి నేను వచ్చిన అసలు పని. అడవి పలచబడి గడ్డి మొదలయ్యే చోట ఉంటుంది ఈ ఊరు, దేశంలో పెద్ద సంతల్లో ఒకటి, ఉత్తరం సరుకు దక్షిణం సరుకు ఇక్కడ కలుస్తాయి. చుట్టూ వెంచి, సాంపా దాకా జీడిమామిడి తోటలే, ఫిబ్రవరి నుంచి సీజన్.

ఒక కొనుగోలు గోడౌన్‌లో పిక్కల నాణ్యత తేల్చే కటింగ్ టెస్ట్ చూశా. బస్తాల్లోంచి అక్కడక్కడ పిక్కలు తీసి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి, అలా తగ్గించుకుంటూ కిలో తేల్చారు. ముందు లెక్కపెట్టారు, కిలోకి ఎన్ని పిక్కలు తూగితే అంత చిన్న సరుకు. తర్వాత ఒక్కో పిక్కనీ నిలువునా రెండు చెక్కలుగా కోసి పళ్ళెంలో వేరుచేశారు, మంచిది ఒక పక్క, మచ్చలున్నది ఒక పక్క, ముడుచుకుపోయినది, తాలు, నూనె పట్టింది. అన్నీ తూచి, 80 కిలోల బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో లెక్కేశారు. ఆ లెక్కనే అవుట్‌టర్న్ అంటారు, దాని మీదే బేరం. కోస్తున్న అమ్మాయి వేళ్ళు జీడి సొన తగిలి తోలు ఊడిపోయి నల్లబడి ఉన్నాయి. మా ఊళ్ళో పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు సరిగ్గా ఇలాగే ఉంటాయి. నేను పలాస నుంచి వచ్చానని, అక్కడ ఇవే పిక్కలు కొడతామని చెప్తే గోడౌన్ అక్క ఆశ్చర్యపోయి, ఇండియాలో పప్పు కిలో ఎంతకి అమ్ముతారు అని అడిగింది. చెప్పా. ఆవిడ ఫోన్ తీసి ఘనా డబ్బు సెడీల్లోకి మార్చి చూసుకుని, పక్కవాళ్ళకి చూపించి, మా దగ్గర ఫ్యాక్టరీ ఎందుకు నడవదు అంది.

ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఘనా జీడిపిక్కల్లో చాలా భాగం ముడిగానే ఇండియాకి, వియత్నాంకి పోతుంది. ఇక్కడ పెట్టిన ఫ్యాక్టరీలు సీజన్‌లో బయటి కొనుగోలుదారులతో పోటీపడి సరుకు నిల్వ చేసుకోవడానికి పెట్టుబడి కావాలి, ఇక్కడ బ్యాంకు వడ్డీలు చాలా ఎక్కువ, దాంతో మూతపడతాయి. ప్రభుత్వం సీజన్‌కో కనీస ధర ప్రకటిస్తుంది కానీ రైతు చేతికి అది అందడం దళారి దయ. బెనిన్ లాంటి పక్క దేశం ముడి పిక్క ఎగుమతే ఆపి ఫ్యాక్టరీలు పెట్టిస్తోంది. ఇక్కడా అలా చేస్తే పలాసలో మాకు సరుకు కష్టమవుతుంది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. 2018 తిత్లీ తుఫానుకి ఉద్దానంలో జీడి చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్ళం. అయినా ఆ అక్క అడిగినదే న్యాయం అనిపించింది, రాత్రి ఫోన్‌లో పెదనాన్నతో అన్నా కూడా. ఆయన కాసేపు ఆగి, వాళ్ళ పిక్క వాళ్ళే కొట్టుకుంటే తప్పేముందిరా, మనం మన చెట్లు పెంచుకోవాలి అన్నారు.

ఇంకో సంగతి, ఎల్మినా కోట కట్టిన పోర్చుగీసు వాళ్ళే బ్రెజిల్ నుంచి జీడిచెట్టుని మన గోవా తీరానికి తెచ్చారు. ఈ చెట్టు రెండు చోట్లా పరాయిదే.

శనివారం, ఉత్తరానికి

రోజంతా ప్రయాణం. కింటాంపో దాటాక చెట్లు ఎడం ఎడంగా, గడ్డి కాలిన నల్లటి నేల, గుండ్రటి మట్టి ఇళ్ళు, గడ్డి కప్పులు. దక్షిణంలో ఏడాదికి రెండు వానాకాలాలు, ఇక్కడ ఒకటే, మిగతా నెలలు ఎండే. సహారా నుంచి వచ్చే హర్మటన్ దుమ్ము తగ్గుతోంది గానీ ఆకాశం ఇంకా బూడిద రంగులోనే ఉంది. బుయిపే దగ్గర నల్ల వోల్టా దాటాం. షియా చెట్ల కింద ఆడవాళ్ళు, ఆ గింజల వెన్న అమ్ముకునే బతుకు వాళ్ళది. కింటాంపో, సలగా సంతల్లో మనుషుల్ని అమ్మేవారు, అసిన్ మాన్సో వాగులో స్నానం చేయించినవాళ్ళు ఎక్కువమంది ఈ మైదానాల నుంచి పట్టుకొచ్చినవాళ్ళే. కారులో నాకు రోజుల్లో అయిన దూరం వాళ్ళు మెడకి మెడ కట్టుకుని నడిచారు. రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు అన్నీ దక్షిణంలో ఉన్నంత ఇక్కడ లేవు, వలస పాలనలో ఉత్తరాన్ని కూలీల కోసమే ఉంచారు, ఆ తేడా ఇంకా పూడలేదు.

ఆదివారం, లారబంగా, మోలే

లారబంగా మసీదు చిన్నది, తెల్లసున్నం కొట్టిన మట్టి గోడలు, గోడల్లోంచి బయటకి పొడుచుకొచ్చిన కర్ర దూలాలు, పక్కన బావోబాబ్ చెట్టు. పశ్చిమ ఆఫ్రికాలో పాత మసీదుల్లో ఒకటి, సహారా దాటి వచ్చిన వర్తకులతో ఇస్లాం ఇటు వచ్చింది. తీరం వైపు ఓడలు రాకముందే ఈ దేశానికి వాకిలి ఉత్తరం వైపు ఉండేదన్నమాట. లోపలికి మనల్ని రానివ్వరు. రంజాన్ నెల కాబట్టి ఊరంతా ఉపవాసం, అయినా ఒక పెద్దాయన ఎండలో నిలబడి ఓపిగ్గా ఆ దూలాలు ఎందుకో చూపించాడు, గోడకి బలం, వానల తర్వాత మట్టి మెత్తేటప్పుడు కాలు పెట్టుకోవడానికి నిచ్చెన మెట్లు.

మోలే నేషనల్ పార్క్ అక్కడికి దగ్గరే, 4,800 చదరపు కిలోమీటర్లకి పైన. తుపాకీ ఉన్న రేంజర్‌తో నడిచి వెళ్ళొచ్చు. ఎండాకాలం కాబట్టి ఏనుగులు కొండ కింద చెరువుకే వస్తాయి, మేం వెళ్ళేసరికి ఐదు మగ ఏనుగులు మెడ దాకా నీళ్ళలో ఉన్నాయి, తొండాలు మాత్రం పైన. రేంజర్ గాలి ఎటు వీస్తుందో చూడటానికి మట్టి చిటికెడు వదిలి, మమ్మల్ని చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు.

ఎవరైనా వెళ్ళాలనుకుంటే డిసెంబర్ నుంచి మార్చి లోపు వెళ్ళండి, ఏనుగులు కావాలంటే ఫిబ్రవరి, మార్చి. తిరుగు ప్రయాణానికి టమాలే నుంచి అక్రాకి విమానాలున్నాయి. టూర్ ప్యాకేజీల్లో కోటలు తప్పకుండా కలుపుతారు గానీ అసిన్ మాన్సో చాలాసార్లు వదిలేస్తారు, కుమాసి దారిలోనే ఉంది కాబట్టి ఆపమని ముందే గట్టిగా చెప్పి ఉంచుకోండి. ఓసు పార్కు కూడా అడగండి, రంగం నుంచి నడిచొచ్చిన పెద్దలున్న ఇంటివాళ్ళయితే తప్పకుండా.